నీళ్ళ ట్యాంకు వెనక పేలని తూటా

ఎవరూ పేల్చని తూటా దేవుడి రిజిస్టరులో ఎవరి పేరు మీద రాసి ఉంటుంది?

ఈ సందేహం నిన్నటాయనను తొమ్మిదేళ్ళుగా వదల్లేదు. పొద్దున్నే స్నానం చేసి దేవుడి ముందు నిలబడగానే అది కూడా వచ్చి, ఎంతో వినయంగా పక్కన చేతులు కట్టుకుని నిలబడేది. పేల్చినవాడి పేరు మీద రాద్దామంటే పేల్చినవాడు లేడు. తగిలినవాడి పేరు మీద రాద్దామంటే తగిలినవాడూ లేడు. ఇక మిగిలింది రాసినవాడు. ఆలోచన అక్కడిదాకా వచ్చేసరికి నిన్నటాయన గబగబా దండం ముగించి టీ తాగడానికి వెళ్ళిపోయేవాడు.

ఆయనకు నిన్నటాయన అని పేరు పెట్టింది వీధిలోవాళ్ళు. ఆయన ప్రభుత్వ సమాచార శాఖలో గుమాస్తా. దేశంలో సొంతవాళ్ళే రెండు పక్షాలుగా విడిపోయి కొట్టుకున్న రోజులవి. కొట్టుకుని అలిసిపోయి కాల్పుల విరమణ అని ఒక కాగితం మీద సంతకాలు పెట్టారు. ఆ తర్వాత ఆ కాగితాన్ని ఎవరు ఎన్నిసార్లు మీరారో లెక్కపెట్టడం మొదలుపెట్టారు. రోజూ పొద్దున ఏడింటికి రేడియోలో వచ్చే ప్రభుత్వ ప్రకటన ఈయన రాసిందే. అది ఎప్పుడూ ఒక్కలాగే మొదలయ్యేది. "నిన్న సాయంత్రం నాలుగు గంటలతో ముగిసిన రోజులో అవతలి పక్షం కాల్పుల విరమణను ఇన్నిసార్లు ఉల్లంఘించింది." మనవాళ్ళు ఎన్నిసార్లు ఉల్లంఘించారన్నది అందులో ఉండేది కాదు. ఆ సంగతి అవతలివాళ్ళ రేడియో చెప్పేది. దాన్ని వినకూడదని ఉత్తర్వు ఉంది గనక, జనం దాన్ని చిన్నగా పెట్టుకుని వినేవాళ్ళు.

ఒప్పందంలో ఇంకో ఏర్పాటు ఉంది. రోజూ సాయంత్రం నాలుగింటికి రెండు పక్షాల గుమాస్తాలు ఫోనులో మాట్లాడుకోవాలి. ఈయన తన జాబితా చదవాలి, అవతలి గుమాస్తా తన జాబితా చదవాలి. ఐదింటిలోగా "కాదు" అంటే ఆ ఫిర్యాదు వివాదం కింద పోతుంది. అనకపోతే ఒప్పుకున్నట్టే. రోజూ ఒకరి తప్పులు ఒకరు ఎంచుకోవడానికే పెట్టిన ఆ ఫోనుకు ఆఫీసులో వియ్యంకుల ఫోను అని పేరొచ్చింది.

మొదటి ఏడాది ఇద్దరూ "సార్, సార్" అనుకుంటూ చదువుకున్నారు. రెండో ఏడాది అవతలాయనకు దగ్గు వస్తే ఈయన కషాయం చెప్పాడు. మూడో ఏడాదికి "బావగారూ" అయిపోయింది. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. "ఏడు నంబరు పోస్టు మీద రెండు మోర్టార్లు, బావగారూ." "కాదు బావగారూ. మీ అల్లుడి జ్వరం తగ్గిందా?" ఇలా నడిచేది సంభాషణ.

తొమ్మిదేళ్ళ కిందట ఒక బుధవారం. మధ్యాహ్నం మూడున్నరకల్లా పదకొండు పోస్టుల నుంచీ ఫోన్లు వచ్చాయి. పదకొండు పోస్టులూ ఒకటే మాట. ఏమీ లేదు.

నిన్నటాయన నమ్మలేదు. ఒక్కొక్క పోస్టుకూ తిరిగి ఫోను చేశాడు. ఒకచోట సిపాయి బట్టలు ఉతుక్కుంటున్నాడు. ఇంకోచోట ఇద్దరు పులిజూదం ఆడుతూ మధ్యలో లేపినందుకు విసుక్కున్నారు. "లేదంటే లేదు సార్. లేనిదాన్ని ఎక్కడి నుంచి తెమ్మంటారు?"

రాయడానికి కూర్చున్నాక తెలిసింది చిక్కు. ఉల్లంఘనల ఫారంలో క్రమసంఖ్య గడిలో 1 అని అచ్చువేసే వస్తుంది. దాని పక్కన సమయం, చోటు, ఆయుధం, ఎన్ని తూటాలు. ఏమీ జరగలేదని రాయడానికి గడి లేదు. ఆ ఫారం తయారుచేసినవాళ్ళకు అలాంటి రోజు ఒకటి వస్తుందని తోచలేదు.

ఆయన ఫారం పట్టుకుని సెక్షన్ ఆఫీసరు దగ్గరికి వెళ్ళాడు.

"ఖాళీగా పంపించనా సార్?"

"ఖాళీ ఫారం పైకి పంపితే ఏమంటారో తెలుసా? నింపడం మరిచిపోయారంటారు."

"అడ్డంగా గీత కొట్టి, లేదు అని రాస్తాను."

"అప్పుడు నిద్రపోయారంటారు. అవతలివాళ్ళు ఒక్కరోజులో మంచివాళ్ళు ఎలా అయ్యారని అడుగుతారు. దానికి నేను మూడు పేజీల వివరణ రాయాలి." ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను నిన్ను ఏమీ రాయమనడం లేదు. ఖాళీగా మాత్రం తేవద్దంటున్నాను."

నాలుగైంది. వియ్యంకుల ఫోను మోగింది. అవతలాయన గొంతులో హుషారు.

"మా వైపు నుంచి ఇవాళ ఫిర్యాదులేమీ లేవు బావగారూ. మా ఫారంలో అడుగున 'లేదు' అని ఒక గడి ఉంది. ఇన్నాళ్ళకు టిక్కు పెట్టాను. మీదేమిటి?"

నిన్నటాయన నీళ్ళు నమిలాడు. తర్వాత సంగతంతా చెప్పాడు. చెప్పి, చిన్నపిల్లాడు పలక అడిగినట్టు అడిగాడు.

"ఒకటి అప్పివ్వండి బావగారూ."

"ఏమిటి?"

"ఉల్లంఘన. ఒక్కటే. నేను చదువుతాను, మీరు కాదనకండి."

 అవతల నవ్వు వినిపించింది. "ఎక్కడ వేస్తారు?"

నిన్నటాయన గోడ మీది మ్యాపు చూశాడు. మనుషులుండని చోటు కావాలి. ఊరికి ఉత్తరాన నీళ్ళ ట్యాంకు ఉంది, దాని వెనక బీడు. మ్యాపులో అక్కడ ఇల్లు లేదు, చెట్టు లేదు, దారి కూడా లేదు.

"నీళ్ళ ట్యాంకు వెనక బీడు. మూడుంబావు."

"ఆయుధం?"

"చిన్నదే. తుపాకీ. ఒక్క తూటా."

"ఎవరికీ తగలకూడదు."

"తగలదు. నేలలోకి పోతుంది."

"సరే. కాదనను. కానీ ఇది అప్పు బావగారూ. రాసుకుంటున్నాను."

"ప్రాణం పోకముందే తీరుస్తాను," అన్నాడు నిన్నటాయన. ఆ మాట ఆయన నిజంగానే అన్నాడు.

మర్నాడు రేడియోలో "ఒక్కసారి ఉల్లంఘించింది" అని విని వీధి వీధంతా సంబరపడింది. ఒక్కటేనట, ఒక్కటేనట అని చెప్పుకున్నారు. కొట్లవాళ్ళు తలుపులు బార్లా తీశారు. అదే ఏమీ లేదని చదివి ఉంటే, ఇంతకంటే పెద్దదేదో దాస్తున్నారని జనం మంచాల కింద దూరేవాళ్ళని నిన్నటాయన తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. సాయంత్రందాకా ఆ సమాధానం బాగానే పనిచేసింది.

మూడోరోజు సాయంత్రం ఆయన భార్య ఇంటికి వచ్చి చెప్పులు విసురుగా విడిచింది. ఆవిడ ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పే పంతులమ్మ.

"ఆ ట్యాంకు వెనక ఎవడో తూటా పేల్చాడట. దారంతా కంచె వేసేశారు. 'కాల్పుల ప్రాంతం, ప్రవేశం లేదు' అని బోర్డు కూడా పెట్టారు. ఇవాళ గోదాముల చుట్టూ తిరిగొచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది."

నిన్నటాయన చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. "అక్కడ దారెక్కడుంది?"

"పదహారేళ్ళుగా నేను నడుస్తున్నాను కదండీ. ఏడు నిమిషాల్లో బడి. మీరు ఎనిమిదింటికే వెళ్ళిపోతారు, నేను ఏ దారిన పోతానో మీకేం తెలుసు?"

పెళ్ళయిన పదహారేళ్ళకు నిన్నటాయనకు తన భార్య ఏ దారిన పనికి వెళ్తుందో తెలిసింది. అదీ ఆ దారి తనే మూసేశాక. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఆ సాయంత్రమే చెప్పి ఉంటే ఒక తిట్టుతో పోయేది. రేపు చెబుదాం అనుకున్నాడు. అలా రేపు, రేపు అంటూ తొమ్మిదేళ్ళు గడిచాయి. ఈలోగా ఆవిడ రోజూ పాతిక నిమిషాలు గోదాముల చుట్టూ తిరిగింది. మోకాళ్ళు పట్టేసినప్పుడల్లా, ఆ తూటా పేల్చినవాణ్ణి, వాడి తుపాకీని, వాడికి తుపాకీ ఇచ్చినవాణ్ణి వరసగా తిట్టేది. ఆవిడ మోకాళ్ళకు నూనె రాస్తూ నిన్నటాయన ఊ కొట్టేవాడు. ఇంత ఓపికగా నూనె రాసే మొగుడు ఎవరికి దొరుకుతాడని పక్కింటివాళ్ళు ముచ్చటపడేవాళ్ళు.

చివరికి శాంతి ఒప్పందం కుదిరింది. పొద్దుటి ప్రకటన ఆగిపోయింది. వియ్యంకుల ఫోను మాత్రం ఆగలేదు, ఆపమని ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు గనక. ఇద్దరూ నాలుగింటికి ఫోనెత్తి దగ్గు గురించి, అల్లుళ్ళ గురించి మాట్లాడుకుని ఐదింటికి పెట్టేసేవాళ్ళు. నిన్నటాయన ఉద్యోగ విరమణకు ఇంకా మూడు నెలలుంది.

అలాంటి సమయంలో ఒక సోమవారం పొద్దున ఆయన బల్ల మీదికి ఉత్తరం వచ్చింది. ఉమ్మడి సంఘం పంపింది. రెండు పక్షాల రిజిస్టర్లూ సరిచూస్తున్నారు. అవతలి పక్షం కాదనకుండా ఊరుకున్న ఫిర్యాదులు రెండు వందల పన్నెండు. రెండు వందల పదకొండింటికి ఎవరు పేల్చారో, ఎందుకు పేల్చారో వాళ్ళు చెప్పారు. ఒక్కదానికి చెప్పలేకపోయారు. నీళ్ళ ట్యాంకు వెనక, మూడుంబావు, ఒక్క తూటా. ఆ రోజు అక్కడ కాపలా ఉన్నవాళ్ళంతా పేల్చలేదని ప్రమాణం చేశారు. మరి ఎందుకు కాదనలేదని వాళ్ళ గుమాస్తాను అడిగితే, మరిచిపోయానన్నాడు. విధిలో నిర్లక్ష్యం కింద, ప్రభుత్వ కొలువులోకి తీసుకునే అవతలివాళ్ళ జాబితా నుంచి అతని పేరు కొట్టివేయబోతున్నారు. ఈ విషయంలో మీ కార్యాలయం చెప్పదలచుకున్నది ఉంటే శుక్రవారంలోగా తెలపాలి.

సెక్షన్ ఆఫీసరు కూడా చదివాడు. అదే ఆఫీసరు, జుట్టు మాత్రం తెల్లబడింది. కిటికీ వైపు చూస్తూ అన్నాడు. "చెప్పదలచుకున్నది లేదు అని రాసి పంపించు."

"దానికి గడి ఉందా సార్?" అని అడిగాడు నిన్నటాయన.

ఆఫీసరు ఉత్తరాన్ని మడిచి ఆయన చేతిలోనే పెట్టేశాడు.

నాలుగింటికి ఫోను మోగగానే నిన్నటాయన దగ్గు సంగతి అడగలేదు.

"నాకెందుకు చెప్పలేదు బావగారూ?"

"ఉత్తరం మీదాకా వచ్చిందన్నమాట. అప్పిచ్చినవాడు వీధిలో నిలబడి అరుస్తాడా?"

"మరిచిపోయానని ఎలా చెప్పారు? పదకొండేళ్ళలో మీరొక్క అంకె మరిచిపోయింది లేదు."

"ఇంకేం చెప్పను? నిజం చెబితే మీ మెడకు చుట్టుకుంటుంది. మీకు మూడు నెలలుంది, మర్యాదగా ఇంటికి పోనిద్దామనుకున్నాను."

"మీకు ఎన్నేళ్ళుంది?"

"ఎనిమిది. తీసుకుంటేనే." ఆయన దగ్గాడు. "పోనివ్వండి. మా బావమరిది సైకిళ్ళ కొట్టు పెట్టాడు. పంక్చర్లు వేయడం నేర్చుకుంటాను."

"మీకు దగ్గు. గాలి కొట్టలేరు."

"అదీ నిజమే," అన్నాడు అవతలాయన.

ఆ సాయంత్రం భార్య గోదాముల చుట్టూ తిరిగి ఇంటికి వచ్చేసరికి నిన్నటాయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఆవిడ చెప్పులు విడవకముందే మొదలుపెట్టాడు, విడిచాక ధైర్యం ఉండదేమోనని. ఫారంలో గడి లేకపోవడం, మ్యాపు, మూడుంబావు, అప్పు, ఉత్తరం, అన్నీ చెప్పాడు. ఆవిడ గోడకు ఆనుకుని, ఒక చెప్పు విడిచి, ఇంకోటి విడవకుండా విన్నది.

"అయితే తొమ్మిదేళ్ళుగా నేను తిట్టింది మిమ్మల్నే."

"నన్నే."

"ఊ కూడా కొట్టారు."

"కొట్టాను."

"రానూ పోనూ ముప్పై ఆరు నిమిషాలు ఎక్కువ. రోజూ." ఆవిడ రెండో చెప్పు విడిచి, దాన్ని చేత్తో తీసి మొదటిదాని పక్కన సరిగ్గా పెట్టింది. మొగుడి మీద కోపం వచ్చినప్పుడు ఆవిడ వస్తువులు సర్దుతుంది. "ఆ నూనె ప్రేమ కాదన్నమాట. జరిమానా."

"రెండూనే," అన్నాడు నిన్నటాయన.

ఆవిడ నవ్వు ఆపుకుంది. ఆపుకున్నట్టు ఆయనకు కనపడకుండా లోపలికి వెళ్ళింది. వంటింట్లో గిన్నెలన్నీ ఒకదాని మీద ఒకటి సర్దుతూ అక్కడి నుంచే అన్నది. "నా మోకాళ్ళ సంగతి మీకు తీరిక దొరికాక చూసుకుందాం, ఎటూ మూడు నెలల్లో బోలెడంత దొరుకుతుంది. ముందు మీ వియ్యంకుడి సంగతి చూడండి."

"సంజాయిషీ అడుగుతారు. విరమణ రోజున దండ వేయరు."

"ఆ దండ ఇంటికి తెచ్చి మీరేం చేస్తారు? ఎండిపోయాక పారేయాల్సింది నేనేగా."

మర్నాడు నిన్నటాయన దేవుడి ముందు నిలబడితే సందేహం కూడా ఎప్పటిలాగే వచ్చి నిలబడింది. ఈసారి ఆయన దండం మధ్యలో తుంచలేదు. "రాసినవాడి పేరు మీదే," అని పైకే అన్నాడు. వంటింట్లోంచి భార్య "ఏమిటీ?" అన్నది. "నీతో కాదు," అన్నాడు.

ఆఫీసులో సవరణ ఫారం కోసం బీరువా అంతా వెతికారు. ఉల్లంఘనల ఫారాలు కట్టలు కట్టలు దొరికాయి. ఫిర్యాదువి, అనుబంధాలవి, జాప్యానికి కారణాలు చెప్పేవి కూడా ఉన్నాయి. సవరణవి లేవు. ఒప్పందం అమల్లోకి వచ్చిన ఏడాది ఐదు వందలు అచ్చువేయించినట్టు స్టాకు రిజిస్టరులో ఉంది. వాడినట్టు ఒక్క సంతకం లేదు.

మధ్యాహ్నానికి ఆఫీసరే నిన్నటాయన బల్ల కిందికి వంగి చూశాడు. బల్లకు ఒక కాలు పొట్టిది. పదకొండేళ్ళుగా దాని కింద ఒక కాగితాల కట్ట ఎత్తుగా పెట్టి ఉంది, పురికొస కూడా విప్పకుండా. నిన్నటాయన రోజూ మోకాలితో తాకుతూ కూర్చున్న కట్ట అది. లాగి దుమ్ము దులిపారు. ఐదు వందలూ ఉన్నాయి. పైన నాలుగైదు పురుగు తినేసింది.

కట్ట తీయగానే బల్ల ఒరిగింది. నిన్నటాయన ఎడమచేత్తో బల్లను పట్టుకుని, కుడిచేత్తో సవరణ ఫారం నింపాడు. "నాడు నమోదు చేసిన వివరం: నీళ్ళ ట్యాంకు వెనక, మూడుంబావు, తుపాకీ, ఒక్క తూటా. సరైన వివరం: ఏమీ జరగలేదు. పొరపాటుకు కారణం: ఏమీ జరగలేదని రాయడానికి గడి లేనందున, నేను కల్పించి రాశాను. అవతలి గుమాస్తాను కాదనవద్దని నేనే వేడుకున్నాను. ఆయన మరిచిపోలేదు." కింద సంతకం చేశాడు.

ఆఫీసరు సంతకం కూడా కావాలి. ఆయన కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"ఇందులో నా మాట లేదే."

"మీరేమీ రాయమనలేదుగా సార్."

"అనలేదు," అన్నాడు ఆఫీసరు. కలం తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు. ఆ తర్వాత కారణం గడిలో చివర తన చేత్తోనే ఒక వాక్యం కలిపాడు. "ఖాళీ ఫారం తేవద్దని చెప్పినది నేను." సంతకం చేసి, బల్ల కాలి కింద సవరణ ఫారాలకు బదులు ఉల్లంఘనల ఫారాల కట్ట ఒకటి తోశాడు. "ఇక వీటితో పని లేదు కదా."

"ఆ కంచె కూడా తీయిస్తారా సార్?"

"అది మన శాఖ కాదు. దానికి వేరే ఫారం ఉంటుంది."

సవరణ ఖాయం కావాలంటే దాన్ని కూడా వియ్యంకుల ఫోనులోనే చదవాలని నిబంధన. అవతలివారు ఐదింటిలోగా కాదనకూడదు. నాలుగింటికి నిన్నటాయన నిలబడి ఫోనెత్తాడు. పదకొండేళ్ళలో నిలబడి చదవడం అదే మొదటిసారి. అక్షరం పొల్లుపోకుండా చదివాడు.

"విన్నారా బావగారూ?"

"విన్నాను. ఐదింటిదాకా టైముందిగా, ఆలోచించుకుంటాను."

"ఆలోచించడానికేముంది?"

"నేను కాదన్నాననుకోండి, ఈ కాగితం వివాదం కింద పోతుంది. మీకు దండ పడుతుంది."

"మా ఆవిడ ఆ దండ వద్దంది."

"ఎందుకు?"

నిన్నటాయన కంచె సంగతి, మోకాళ్ళ సంగతి, నూనె సంగతి మొదటిసారి ఆయనకు చెప్పాడు. అవతలాయనకు నవ్వూ దగ్గూ కలిసి వచ్చాయి. మంచినీళ్ళు తాగడానికి వెళ్ళి వచ్చాడు. ఆ తర్వాత ఎప్పటిలాగే అల్లుళ్ళ దగ్గరికి వెళ్ళారు, సైకిళ్ళ కొట్టు దగ్గరికి వచ్చారు. మాటలన్నీ మామూలుగానే ఉన్నా, నిన్నటాయన కళ్ళు గోడ గడియారం మీదే ఉన్నాయి. ఐదుకు రెండు నిమిషాలుండగా ఇద్దరూ మాటలు ఆపేశారు. తీగలో గరగర తప్ప ఏమీ లేదు.

గడియారం ఐదు కొట్టింది. అవతల ఇంకో గడియారం, అర నిమిషం ఆలస్యంగా, అదీ కొట్టింది.

"కాదనలేదు బావగారూ," అన్నాడు అవతలాయన. తర్వాత ఏదో పాత పుస్తకం పేజీలు తిప్పుతున్న చప్పుడు, కలంతో గీత కొట్టిన చప్పుడు వినిపించాయి. "మీ పేరు మీద ఒకటి రాసి పెట్టుకున్నానుగా. కొట్టేశాను."